పాత కంప్యూటర్‌కు కొత్త గ్రాఫిక్స్ కార్డు: తరచుగా అడిగే ప్రశ్నలు

ఎనిమిది, పది, పన్నెండేళ్ల కిందటి డెస్క్‌టాప్‌లో ఇప్పటి గ్రాఫిక్స్ కార్డు బిగించాలనుకునేవారికి వచ్చే సందేహాలు దాదాపు ఒకేలా ఉంటాయి. అవి మళ్లీ మళ్లీ ఎదురవుతున్నందువల్ల ఒకచోట చేర్చాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా అర్థమయ్యేలా ప్రతి జవాబునూ విడిగా రాశాను. ఉదాహరణలకు ఎక్కువగా ఇంటెల్ 4వ తరం ప్రాసెసర్లున్న యంత్రాలను తీసుకున్నాను, ఎందుకంటే మన ఇళ్లలోనూ చిన్న ఆఫీసుల్లోనూ అవి ఇంకా చాలా నడుస్తున్నాయి.

## కొనే ముందు

నా సిస్టమ్ పదేళ్ల నాటిది. ఇప్పటి కార్డు అసలు అందులో పడుతుందా?

పడుతుంది. కార్డును బోర్డుకు కలిపే పీసీఐ ఎక్స్‌ప్రెస్ (పీసీఐఈ) ప్రమాణం 2003లో మొదటిసారి వచ్చినప్పటి నుంచి గ్రాఫిక్స్ కార్డు కూర్చునే పొడవాటి స్లాట్ ఆకారం మారలేదు. 2007లో 2.0, 2010లో 3.0, 2017లో 4.0, 2019లో 5.0 ప్రమాణాలు వచ్చినా, కొత్త కార్డు పాత స్లాట్‌లో ఆ స్లాట్ వేగానికి తగ్గి పనిచేసేలా వాటిని రూపొందించారు. అందువల్ల కార్డు స్లాట్‌లో కూర్చుంటుందా అన్నది అసలు ప్రశ్న కాదు. దానికి కావలసినంత కరెంటు మీ ఎస్‌ఎంపీఎస్ (కంప్యూటర్‌కు కరెంటు అందించే పెట్టె) ఇవ్వగలదా, మీ స్లాట్ ఎన్ని లేన్లను (సమాచారం నడిచే దారులను) ఎంత వేగంతో ఇస్తుంది, మీ బయోస్ (సిస్టమ్‌ను మొదలుపెట్టే బోర్డు ప్రోగ్రాం) ఆ కార్డును గుర్తిస్తుందా అన్న మూడు విషయాలు కార్డు ధర చూడకముందే తేల్చుకోవాలి.

ఇంటెల్ ఐ5 4570 ప్రాసెసర్‌కి ఏ కార్డు వరకు పెట్టవచ్చు? బాటిల్‌నెక్ ఎంత శాతం ఉంటుంది?

బాటిల్‌నెక్ అంటే ఒక భాగం నెమ్మదిగా ఉండి మరోదాన్ని ఆపడం. దానికి శాతాలు చెప్పే లెక్కలను నమ్మవద్దు. అదే ప్రాసెసర్, అదే కార్డు ఒక ఆటలో చక్కగా సరిపోయి, మరో ఆటలో ఏమాత్రం పొసగకపోవచ్చు. ప్రతి ఫ్రేమ్‌లో (తెర మీదికి వచ్చే ఒక్కో చిత్రంలో) ఏయే బొమ్మలు ఎక్కడెక్కడ ఉండాలో ప్రాసెసర్ సిద్ధం చేసి ఇస్తే, వాటిని గీయడం కార్డు పని. ప్రాసెసర్ సెకనుకు 60 ఫ్రేమ్‌లే సిద్ధం చేయగలిగితే, ఎంత ఖరీదైన కార్డు తెచ్చినా ఆ ఆటలో 61వ ఫ్రేమ్ రాదు.

ఆ హద్దును ఇంట్లోనే కొలుచుకోవచ్చు. ఇప్పుడున్న కార్డుతోనే, మీరు ఎక్కువగా ఆడే ఆటను తెరిచి రిజల్యూషన్ పూర్తిగా తగ్గించి, ఎంఎస్ఐ ఆఫ్టర్‌బర్నర్ అనే ప్రోగ్రాంలో జీపీయూ (కార్డు మీది ప్రధాన చిప్) వాడకం చూడండి. అది 95 శాతానికి బాగా దిగువన ఉండగా వచ్చే ఫ్రేమ్‌ల సంఖ్యే ఆ ఆటలో మీ ప్రాసెసర్ హద్దు. అది మీకు చాలుననిపిస్తే కొత్త కార్డు డబ్బుకు న్యాయం జరుగుతుంది.

ఐ5 4570లో నాలుగు కోర్లు, నాలుగు థ్రెడ్లే (ఒకేసారి నడిపే పనుల వరుసలు) ఉన్నాయి. 2013 నాటి ఈ ప్రాసెసర్‌తో ఇప్పటి పెద్ద ఆటల్లో సగటు ఫ్రేమ్‌ల సంఖ్య బాగానే కనబడినా, మధ్యమధ్యలో తెర ఒక్క క్షణం ఆగి కదులుతుంది. మనిషికి చిరాకు తెప్పించేది ఆ ఆగడమే. నా అభిప్రాయంలో ఈ స్థాయి ప్రాసెసర్‌కు ఆర్‌టీఎక్స్ 3060 గానీ, రేడియాన్ ఆర్‌ఎక్స్ 6600 గానీ పై హద్దు. ఇంకా పెద్దది కొనడం, ఒకటి రెండేళ్లలో సిస్టమ్ మొత్తం మార్చే ఆలోచన ఉన్నవారికే సబబు.

కార్డుతో పాటు ప్రాసెసర్ కూడా మార్చితే ఉపయోగం ఉంటుందా?

అదే బోర్డులో పట్టే ఐ7 4770 లేదా 4790 సెకండ్ హ్యాండ్‌లో దొరికితే తప్పకుండా ఉంటుంది. రెండింటిలోనూ నాలుగు కోర్లకు ఎనిమిది థ్రెడ్లు ఉండడం వల్ల ఆట మధ్యలో ఆగడం బాగా తగ్గుతుంది. ఐ5 4570 లాగే వీటి విద్యుత్ అవసరం కూడా 84 వాట్లే కాబట్టి ఎస్‌ఎంపీఎస్ మీద అదనపు భారం ఉండదు. అయితే 4790ని కొన్ని పాత బోర్డులు బయోస్ అప్‌డేట్ చేస్తేనే గుర్తిస్తాయి. పాత ప్రాసెసర్ ఇంకా బోర్డులో ఉండగానే ఆ పని ముగించుకోవాలి.

ఇంటెల్ ఆర్క్ కార్డు ధరకు తగ్గ విలువ అంటున్నారు. పాత సిస్టమ్‌కు తీసుకోవచ్చా?

వద్దు. మంచి కార్డులే గానీ పాత యంత్రానికి సరిపడవు. ప్రాసెసర్ కార్డులోని మెమరీ మొత్తాన్ని ఒకేసారి చేరుకునేలా చేసే రీసైజబుల్ బార్ అనే సదుపాయం ఉంటుందన్న నమ్మకంతో వాటిని రూపొందించారు. అది లేకపోతే వేగం బాగా పడిపోతుంది. ఇంటెల్ 10వ తరం లేదా రైజెన్ 3000 శ్రేణి నుంచి మాత్రమే వాడమని ఆ కంపెనీయే చెబుతోంది. ఎన్విడియా, ఏఎండీ కార్డులకూ ఈ సదుపాయం మేలు చేస్తుంది గానీ, లేకపోయినా అవి తట్టుకుంటాయి. ఆ రెండింటిలో ఎన్విడియా డ్రైవర్ డైరెక్ట్ఎక్స్ 12 అనే విండోస్ గ్రాఫిక్స్ పద్ధతి వాడే ఆటల్లో ప్రాసెసర్‌కు కొంత ఎక్కువ పని చెబుతుంది కనుక, మిగతా అన్నీ సమానమైతే బలహీనమైన ప్రాసెసర్ పక్కన రేడియాన్ కార్డు కాస్త హాయిగా నడుస్తుంది.

ఆఫీసుల నుంచి వచ్చిన రిఫర్బిష్డ్ డెల్, హెచ్‌పీ డబ్బా కొన్నాను. దానికి ఏ కార్డు?

ముందు ఆ డబ్బా ఎత్తు చూడండి. సన్నని, చిన్న క్యాబినెట్ అయితే అందులో పూర్తి ఎత్తు కార్డు నిలబడదు. పొట్టి బ్రాకెట్‌తో వచ్చే లో ప్రొఫైల్ కార్డే కావాలి. పైగా వీటిలోని ఎస్‌ఎంపీఎస్ చిన్నది, ఉదాహరణకు ఆప్టిప్లెక్స్ 9020 చిన్న మోడల్‌లో 255 వాట్లది. దానిలో గ్రాఫిక్స్ కార్డుకు వేరే ప్లగ్ ఉండదు. మామూలు ఎస్‌ఎంపీఎస్ కొని మార్చుదామంటే ఆ బోర్డుకు అందరికీ తెలిసిన 24 పిన్‌ల ప్లగ్ బదులు 8 పిన్‌ల సొంత ప్లగ్ ఉంటుంది. హెచ్‌పీ ఎలీట్‌డెస్క్ 800 జీ1లో అది 6 పిన్‌లది. మార్చే కేబుళ్లు దొరుకుతాయి గానీ చిన్న డబ్బాలో మామూలు ఎస్‌ఎంపీఎస్ పట్టే చోటే ఉండదు.

కాబట్టి స్లాట్ నుంచే కరెంటు తీసుకుని నడిచే కార్డులకు పరిమితం కావాలి. 70 వాట్ల ఆర్‌టీఎక్స్ 3050 6 జీబీ, 75 వాట్ల జీటీఎక్స్ 1650, 53 వాట్ల ఆర్‌ఎక్స్ 6400 లో ప్రొఫైల్ రూపంలో వచ్చాయి. నేనైతే వీటిలో 3050 6 జీబీని ఎంచుకుంటాను. కార్డు రెండు స్లాట్ల మందం ఉంటే పక్కన అంత ఖాళీ ఉందో లేదో స్కేలుతో కొలిచాకే డబ్బు కట్టండి.

సెకండ్ హ్యాండ్ కార్డు కొంటే ఏం చూసుకోవాలి?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ వంటి చోట్ల కొంటున్నా, తెలియని వ్యక్తి దగ్గర కొంటున్నా, కార్డు నడుస్తుండగా చూడనిదే తీసుకోవద్దు. జీపీయూ-జెడ్ అనే చిన్న ఉచిత ప్రోగ్రాం తెరిస్తే చిప్ అసలు పేరు తెలుస్తుంది. పాత చిప్‌కు కొత్త పేరు ఎక్కించిన నకిలీ కార్డులను చాలావరకు అది పట్టిస్తుంది. తర్వాత కనీసం 15 నిమిషాలు భారమైన ఆట ఏదైనా నడిపి, తెర మీద రంగు చుక్కలు, గళ్లు రావడం లేదని, ఫ్యాన్లన్నీ తిరుగుతున్నాయని నిర్ధారించుకోండి.

## స్లాట్, లేన్లు

చిన్న బడ్జెట్ కార్డు పాత బోర్డుకు నప్పుతుంది కదా? అందులో నష్టమేముంది?

చాలామంది డబ్బు పోగొట్టుకునేది ఈ అభిప్రాయం దగ్గరే. కార్డుకూ బోర్డుకూ మధ్య సమాచారం నడిచే దారులను లేన్లు అంటారు. స్లాట్‌లో 16 లేన్లు ఉన్నా, ఖర్చు తగ్గించడానికి తయారీదారులు చిన్న కార్డులకు 8 లేన్లు, కొన్నిటికి 4 లేన్లే ఇస్తున్నారు. ఆర్‌టీఎక్స్ 4060, ఆర్‌ఎక్స్ 6600 కార్డులకు 8 లేన్లు. ఆర్‌ఎక్స్ 6500 ఎక్స్‌టీ, 6400 కార్డులకు 4 లేన్లు. పాత ఆర్‌టీఎక్స్ 3060, జీటీఎక్స్ 1650 కార్డులకు మాత్రం 16 లేన్లూ ఉన్నాయి.

కొత్త బోర్డులో ఈ కోత తెలియదు, ఎందుకంటే ప్రమాణం ఒక మెట్టు ఎక్కినప్పుడల్లా ఒక్కో లేన్ వేగం రెట్టింపవుతుంది. 16 లేన్ల మీద 4.0 ప్రమాణం సెకనుకు సుమారు 32 జీబీ, 3.0 సుమారు 16 జీబీ, 2.0 కేవలం 8 జీబీ మోస్తాయి. ఇప్పుడు 4 లేన్ల 6500 ఎక్స్‌టీ కార్డును 2.0 స్లాట్‌లో పెట్టండి: మిగిలేది సెకనుకు 2 జీబీ. ఆ కార్డులో మెమరీ సాధారణంగా 4 జీబీయే ఉంటుంది కాబట్టి ఆటలోని బొమ్మలు అందులో పట్టక ర్యామ్‌లోకి పొంగుతాయి; వాటిని మళ్లీ మళ్లీ తెచ్చుకోవలసింది ఆ సన్నని దారిలోనే. తెర ఆగి ఆగి కదలడానికి కారణం అదే. పాత కంప్యూటర్‌ను బాగుచేసుకోవాలనుకునే వ్యక్తి సహజంగా కొనే చిన్న కార్డే పాత కంప్యూటర్ వల్ల అన్నిటికంటే ఎక్కువ నష్టపోతుంది. దుకాణంలో ఈ మాట చెప్పేవారు అరుదు, అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

కార్డును చేతిలోకి తీసుకుని చూసినా చాలాసార్లు తెలుస్తుంది. స్లాట్‌లో దిగే అంచున బంగారు రంగు పళ్ల వరుస ఉంటుంది. 8 లేన్ల కార్డుల్లో పళ్ల వరుస సగంలోనే ఆగిపోతుంది, లేదా పళ్లు చివరి దాకా ఉన్నా రెండో సగం నుంచి పైకి పోయే సన్నని గీతలు ఉండవు. ఒకే తరగతి కార్డుల్లో ఎంచుకోవలసి వస్తే, 2.0 స్లాట్ ఉన్నవారు 16 లేన్లూ, కనీసం 8 జీబీ మెమరీ ఉన్నదాన్నే తీసుకోవడం క్షేమం. 3060లో 12 జీబీ మోడల్ దొరికితే అది పాత బోర్డుకు మంచి జోడీ.

నాది 4వ తరం ప్రాసెసర్, హెచ్81 బోర్డు. పీసీఐఈ 3.0 వస్తుందా?

రాదు. 4వ తరం ప్రాసెసర్‌కు 3.0 సామర్థ్యం ఉన్నా, హెచ్81 చిప్‌సెట్ (బోర్డు మీది నియంత్రణ చిప్) దాన్ని 2.0కే పరిమితం చేస్తుంది. అదే ప్రాసెసర్‌ను బీ85, హెచ్87, జెడ్87 బోర్డుల్లో పెడితే 3.0 వస్తుంది. ఇంటెల్ 2వ తరంలో 2.0 మాత్రమే, 3వ తరం నుంచి తగిన బోర్డు ఉంటే 3.0. రైజెన్ సిస్టమ్‌లలో ఏ320, బీ450 బోర్డులు 3.0 ఇస్తాయి, అయితే రైజెన్ 2200జీ, 3400జీ ప్రాసెసర్లు గ్రాఫిక్స్ స్లాట్‌కు 8 లేన్లే కేటాయిస్తాయి.

కార్డు బిగించాక నిజంగా ఎంత వస్తోందో జీపీయూ-జెడ్‌లో బస్ ఇంటర్‌ఫేస్ అనే వరుసలో చూడవచ్చు. ఖాళీగా ఉన్నప్పుడు కార్డు కరెంటు పొదుపు కోసం 1.1కి దిగి కనిపిస్తుంది, అది లోపం కాదు. ఆ వరుస పక్కనున్న ప్రశ్నార్థకం గుర్తు నొక్కి పరీక్ష మొదలుపెడితే అసలు వేగం కనిపిస్తుంది.

## కరెంటు

నా ఎస్‌ఎంపీఎస్ మీద 450 వాట్లు అని రాసి ఉంది. చాలదా?

పెద్ద అక్షరాల అంకెను పక్కనపెట్టి, పక్కన అంటించిన లేబుల్‌పై 12 వోల్ట్‌ల గడిలో ఎన్ని ఆంపియర్లు ఉన్నాయో చదవండి. గ్రాఫిక్స్ కార్డు, ప్రాసెసర్ రెండూ తినేది ఆ 12 వోల్ట్‌ల కరెంటునే. కొన్నేళ్ల కిందట క్యాబినెట్‌తో ఉచితంగా వచ్చిన ఒక ఎస్‌ఎంపీఎస్‌ను నేను అలాగే నమ్మాను. దాని మీద 450 అని ఉంది. 12 వోల్ట్‌ల గడిలో 16 ఆంపియర్లు, అంటే 192 వాట్లు. 120 వాట్ల కార్డు పెట్టి ఆట తెరిచిన ప్రతిసారీ, లోడింగ్ పూర్తయ్యే సరికి ఎవరో స్విచ్ పీకినట్టు సిస్టమ్ ఆరిపోయేది. కార్డు చెడిపోయిందనుకుని రెండుసార్లు దుకాణానికి తిరిగాను. చివరికి ఎస్‌ఎంపీఎస్ మార్చగానే అదే కార్డు ఏ ఇబ్బందీ లేకుండా నడిచింది.

లెక్క కష్టమేమీ కాదు. 115 వాట్ల ఆర్‌టీఎక్స్ 4060, 84 వాట్ల ప్రాసెసర్, మిగతావాటికి 50 వాట్లు కలిపితే 250 దాటదు. క్షణకాలపు ఉధృతికి, ఏళ్ల వాడకంతో తగ్గే శక్తికి చోటు వదిలి, 80 ప్లస్ (విద్యుత్తు వృథాను తగ్గించే ప్రమాణం) ముద్ర ఉన్న పేరున్న కంపెనీ 500 నుంచి 550 వాట్లది తీసుకుంటే నిశ్చింత. ఎన్విడియా కూడా 3060కి, 4060కి 550 వాట్లే సూచిస్తోంది. బడ్జెట్ తక్కువైతే కార్డులో ఒక మెట్టు తగ్గండి గానీ ఎస్‌ఎంపీఎస్‌లో తగ్గవద్దు.

కార్డుకు కావలసిన 6 పిన్ ప్లగ్ నా దగ్గర లేదు. సాటా నుంచి మార్చే కేబుల్ వాడవచ్చా?

వాడవద్దు. 6 పిన్ ప్లగ్ ద్వారా 75 వాట్లు, 8 పిన్ ద్వారా 150 వాట్లు తీసుకునే హక్కు కార్డుకు ఉంది. హార్డ్ డిస్క్ కోసం చేసిన సాటా ప్లగ్ 12 వోల్ట్‌ల మీద మోయగలిగేది 54 వాట్లే. ఎక్కువ లాగితే ప్లాస్టిక్ కరిగి మంట అంటుకునే ప్రమాదం ఉంది. ఎస్‌ఎంపీఎస్‌కు తగిన ప్లగ్ లేకపోవడమంటే, అంత పెద్ద కార్డు కోసం దాన్ని తయారుచేయలేదని అర్థం.

మరో జాగ్రత్త: 8 పిన్ ప్లగ్‌లు రెండు రకాలు. 4, 4గా విడిపోయేది ప్రాసెసర్‌ది. 6, 2గా విడిపోయేది గ్రాఫిక్స్ కార్డుది. వాటిలో ప్లస్, మైనస్ తీగలు తారుమారుగా ఉంటాయి కాబట్టి దిగకపోతే బలవంతంగా నొక్కవద్దు.

600 వీఏ యూపీఎస్ ఉంది. కొత్త కార్డుతో కరెంటు పోతే సిస్టమ్ ఆరిపోతుందా?

వీఏ, వాట్లు ఒకటి కావు. ఇళ్లలో వాడే 600 వీఏ యూపీఎస్‌లు చాలావరకు 360 వాట్ల వరకే మోస్తాయి. 115 వాట్ల కార్డున్న సిస్టమ్, మానిటర్ కలిపి ఆ హద్దులోపలే ఉంటాయి. ఫైలు సేవ్ చేసుకుని మూసేందుకు కొన్ని నిమిషాలు దొరుకుతాయి. 170 వాట్ల 3060తో, పాత బ్యాటరీతో ఆట మధ్యలో కరెంటు పోతే యూపీఎస్ చేతులెత్తేయవచ్చు. ప్రింటర్‌ను మాత్రం దాని మీద పెట్టవద్దు.

క్యాబినెట్ ముట్టుకుంటే చేతికి జివ్వుమంటోంది. కార్డుకు ప్రమాదమా?

మీ సాకెట్‌కు ఎర్తింగ్ లేదని అది చెబుతోంది. ఎస్‌ఎంపీఎస్‌లోని వడపోత కెపాసిటర్ల గుండా స్వల్పంగా కారే కరెంటు ఎర్త్ తీగలోకి పోవాలి. దారి లేనందున క్యాబినెట్ మీద నిలుస్తుంది. ప్లగ్ పెట్టి ఉండగా హెచ్‌డీఎంఐ కేబుల్ గుచ్చితే ఆ కరెంటు కార్డు పోర్టు గుండా పోయి దాన్ని కాల్చేయగలదు. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ సరిచేయించాకే కొత్త కార్డు బిగించండి.

## బిగించేటప్పుడు

క్యాబినెట్‌లో పట్టుతుందో లేదో ఎలా తెలుస్తుంది?

వెనుక బ్రాకెట్ నుంచి ముందున్న హార్డ్ డిస్క్ అరల వరకు టేపుతో కొలిచి, కార్డు పొడవుతో పోల్చండి. పాత బోర్డుల్లో సాటా ప్లగ్‌లు నిటారుగా ఉండి పొడవాటి కార్డు కిందికి వచ్చి మూసుకుపోతాయి. ముందే చూసుకుని కేబుళ్లను వేరే ప్లగ్‌లోకి మార్చండి.

విండోస్ 7లోనే ఉన్నాను. డ్రైవర్ దొరుకుతుందా?

ఆర్‌టీఎక్స్ 40 శ్రేణికి విండోస్ 7 డ్రైవర్ లేదు. ఏఎండీ 2021లోనే ఆ విండోస్‌కు మద్దతు ఆపింది. 32 బిట్ విండోస్ అయితే ఏ కొత్త కార్డూ పనిచేయదు. 64 బిట్ విండోస్ 10లో డ్రైవర్లు దొరుకుతాయి గానీ, మైక్రోసాఫ్ట్ దానికి సాధారణ మద్దతును 2025 అక్టోబర్ 14న ముగించింది. విండోస్ 11 అధికారికంగా ఇంటెల్ 8వ తరం నుంచే అనుమతిస్తుంది. పాత కార్డు కంపెనీ, కొత్త కార్డు కంపెనీ వేరైతే, పాత కార్డు తీయకముందే సేఫ్ మోడ్‌లో డీడీయూ అనే ప్రోగ్రాంతో పాత డ్రైవర్‌ను పూర్తిగా తుడిచేయండి.

## తెర రాకపోతే

ఫ్యాన్లు తిరుగుతున్నాయి గానీ మానిటర్ నల్లగానే ఉంది. ఏం చేయాలి?

మానిటర్ కేబుల్ అలవాటు కొద్దీ మదర్‌బోర్డు పోర్టులోనే పెట్టారేమో చూడండి. అది కార్డు పోర్టులో ఉండాలి. తర్వాత ప్లగ్ తీసి, కార్డును బయటకు లాగి, స్లాట్ చివరి క్లిప్ టక్కుమనే దాకా మళ్లీ దింపి, కరెంటు ప్లగ్ పూర్తిగా దిగిందో చూడండి. అప్పటికీ రాకపోతే బోర్డు మీది గుండ్రటి సీఆర్2032 బ్యాటరీని అయిదు నిమిషాలు తీసి పెట్టండి. పదేళ్ల బోర్డులో ఆ బ్యాటరీ ఎలాగూ అయిపోవచ్చి ఉంటుంది, కొత్తది వేయడం మంచిది.

ఇవన్నీ అయ్యాక మిగిలే అనుమానం బయోస్. కోర్ 2 కాలం నాటి బోర్డుల్లో యూఈఎఫ్ఐ (బయోస్‌కు కొత్త రూపం) లేదు. కొన్ని కొత్త కార్డులు వాటిలో తెర చూపించవు, దానికి మందు లేదు. 2012 తర్వాతి బోర్డుల్లో యూఈఎఫ్ఐ ఉంటుంది గానీ పాత పద్ధతికి సెట్ చేసి ఉండవచ్చు. పాత కార్డు లేదా బోర్డు సొంత గ్రాఫిక్స్‌తో తెర తెచ్చుకుని, బయోస్ అప్‌డేట్ చేసి, పాత పద్ధతిని నడిపే సీఎస్ఎం అనే సెట్టింగ్ ఆపి చూడండి. విండోస్‌ను డిస్క్‌ను విభజించే పాత ఎంబీఆర్ పద్ధతిలో ఎక్కించి ఉంటే సీఎస్ఎం ఆపగానే అది మొదలుకాదు. ముందుగా ఫైళ్లు వేరే చోట దాచుకుని, విండోస్ 10తో వచ్చే ఎంబీఆర్2జీపీటీ అనే సాధనంతో డిస్క్‌ను మార్చుకోవాలి.

నా మానిటర్‌కు వీజీఏ ఒక్కటే ఉంది. కేబుల్ మార్చితే చాలా?

చాలదు. ఇప్పటి కార్డుల నుంచి అనలాగ్ సంకేతం రాదు. లోపల చిప్ ఉండి డిజిటల్‌ను అనలాగ్‌గా మార్చే హెచ్‌డీఎంఐ కన్వర్టర్ కావాలి. రెండు చివర్లు మాత్రమే మార్చిన చవక తీగ పనిచేయదు.

## వాడుకలో

కొత్త కార్డు పెట్టినా ఆట ఆగి ఆగి నడుస్తోంది. జీపీయూ వాడకం 50 శాతం దాటడం లేదు. కార్డు లోపమా?

కాదు, కార్డు ప్రాసెసర్ కోసం ఎదురుచూస్తోంది. ఇలాంటప్పుడు సెట్టింగ్‌లన్నీ తగ్గించడం వల్ల లాభం లేదు. రిజల్యూషన్ పెంచండి, మెమరీ అనుమతించినంత వరకు టెక్స్‌చర్లు (వస్తువుల పైపొర చిత్రాల నాణ్యత) పెంచండి. ఆ భారం కార్డు మీదే పడుతుంది. జనసమ్మర్దం, ఎంత దూరం వరకు వస్తువులు కనిపించాలి, నీడలు వంటివి తగ్గించండి. ప్రాసెసర్‌ను అలసిపోయేలా చేసేవి అవే. తర్వాత ఫ్రేమ్‌లను నిలకడగా వచ్చే సంఖ్య దగ్గర, అది 60 కావచ్చు 45 కావచ్చు, కట్టేయండి. ఊగిసలాడే 80 కంటే కదలని 45 కంటికి హాయిగా ఉంటుంది.

ర్యామ్ ఒకే ముక్కగా ఉంటే అలాంటిదే మరొకటి వేసి డ్యూయల్ ఛానెల్ (రెండు ముక్కలూ కలిసి పనిచేసే పద్ధతి) చేయండి. 8 జీబీతో ఇప్పటి ఆటలకు ఊపిరాడదు, 16 కావాలి. ఆట ఇంకా హార్డ్ డిస్క్ నుంచే నడుస్తుంటే ఎస్ఎస్‌డీకి మార్చండి.

ఆటలు కాదు, వీడియో ఎడిటింగ్, ఇంట్లోనే ఏఐ మోడళ్లు నడపడం కోసం. పాత సిస్టమ్ సరిపోతుందా?

ఈ పనుల్లో చాలాభాగం కార్డులోనే జరుగుతుంది కాబట్టి, ఆటల కంటే ఇక్కడే పాత సిస్టమ్ గౌరవంగా నిలబడుతుంది. మోడల్ ఒకసారి కార్డు మెమరీలో పూర్తిగా పట్టాక స్లాట్ వేగంతో పెద్దగా పని ఉండదు. అందుకే వేగం కంటే మెమరీ ఎక్కువున్న కార్డు చూడండి. వీడియో కోసమైతే ఆర్‌ఎక్స్ 6400, 6500 ఎక్స్‌టీ వద్దు, వాటిలో వీడియోను ఎన్‌కోడ్ చేసే (కుదించి ఫైలుగా మార్చే) భాగమే లేదు. ప్రాసెసర్ వైపు ఒక అడ్డంకి ఉంది: ఏవీఎక్స్2 అనే ఆదేశాల సమితి ఇంటెల్‌లో 2013 నాటి 4వ తరంతోనే వచ్చింది. అది కావాలనే ప్రోగ్రాంలు 2వ, 3వ తరం ప్రాసెసర్ల మీద తెరుచుకోవు, కార్డు ఎంత మంచిదైనా సరే.

తర్వాత కొత్త సిస్టమ్ కొంటే ఈ కార్డు అందులో పనికొస్తుందా?

పనికొస్తుంది, బహుశా ఇంకా బాగా. 2.0 స్లాట్‌లో సెకనుకు 4 జీబీతో సరిపెట్టుకున్న 8 లేన్ల కార్డు, 4.0 బోర్డులో సుమారు 16 జీబీ దారిలోకి వస్తుంది. మంచి ఎస్‌ఎంపీఎస్ కొని ఉంటే అది కూడా వెంట వస్తుంది. చాలా కంపెనీల వారంటీ సీరియల్ నంబరు మీద నడుస్తుంది కనుక, బిల్లునూ, ఆ నంబరు అంటించిన అట్టపెట్టెనూ అప్పటిదాకా పడేయకుండా ఉంచండి.